తేనె మద్యానికి సీసా దొరికిన కథ

1662లో లండన్‌లో ఒక సీసా మీద తగువు నడిచింది. గట్టి గాజుతో సీసాలు చేసే పద్ధతి తనదేనని జాన్ కోల్నెట్ అనే ఆయన అంతకు ముందటేడు పేటెంటు కోరాడు. గాజు పనివాళ్లు కొందరు అడ్డుపడ్డారు. ఇందులో కొత్తేమీ లేదనీ, దాదాపు 30 ఏళ్ల కిందటే సర్ కెనెల్మ్ డిగ్బీ ఇలాంటి సీసాలు చేయించాడనీ సాక్ష్యం చెప్పారు. విచారించిన అటార్నీ జనరల్ డిగ్బీ వైపే మొగ్గాడు.

ఆ డిగ్బీ 1665లో చనిపోయాడు. ఆయన రాసిపెట్టుకున్న వంటల కాగితాలను, ఆయన దగ్గర పనిచేసిన జార్జ్ హార్ట్‌మన్ 1669లో పుస్తకంగా అచ్చువేయించాడు. తెరిచి చూస్తే పేజీలకు పేజీలు తేనె మద్యాలే. తేనెను నీళ్లలో కలిపి పులియబెట్టే మీడ్, అందులో మూలికలు వేస్తే మెథెగ్లిన్, పలచగా చేస్తే హైడ్రోమెల్, ఇలా వందకు పైగా తయారీలు. గాజు చరిత్ర రాసేవాళ్లు డిగ్బీని సీసా దగ్గరే వదిలేస్తారు, వంట చరిత్ర రాసేవాళ్లు పుస్తకం దగ్గర వదిలేస్తారు. నాకు మాత్రం ఈ రెంటినీ కలిపి చదివినప్పుడే, ఇంట్లో చేసిన మీడ్‌ను సీసాల్లో బిరడా బిగించి ఏళ్ల తరబడి నిలవబెట్టే అలవాటు ఎలా కుదిరిందో అర్థమైంది.

మీడ్ పుట్టుక చాలా పాతది. చైనాలోని హెనాన్ ప్రాంతంలో, జియాహు అనే చోట తవ్వకాల్లో దొరికిన సుమారు 9,000 ఏళ్ల నాటి కుండపెంకుల్లో బియ్యం, తేనె, పండ్లు కలిపి పులియబెట్టిన పానీయం ఆనవాళ్లున్నాయని పాట్రిక్ మెక్‌గవర్న్ బృందం 2004లో ప్రకటించింది. చిక్కటి తేనెలో ఈస్ట్ పెరగదు. నీళ్లు కలిపితే చాలు, పులియడం మొదలవుతుంది. యూరప్ పల్లెల్లో తేనెపట్టు పిండేశాక మైనానికి అంటుకుని మిగిలినదాన్ని గోరువెచ్చని నీళ్లతో కడిగి, ఆ కడుగునే పులియబెట్టేవారు. తేనెచుక్క వృథా పోయేది కాదు.

పులియబెట్టడం సులువే. వచ్చిన చిక్కల్లా నిలవ దగ్గరే. మద్యానికి గాలి తగిలిందంటే బాక్టీరియా చేరి వెనిగర్‌గా మార్చేస్తుంది. అందుకని మీడ్‌ను నిలవ ఉంచాలనుకున్నవాళ్లు ముందు మూత సంగతి ఆలోచించారు. క్రీస్తుశకం 1వ శతాబ్దంలో రోమన్ వ్యవసాయ రచయిత కొలుమెల్లా చెప్పిన పద్ధతి చూడండి. ఏళ్ల తరబడి నిలవ ఉంచిన వాననీటిలో తేనె కలపాలి. కూజాల్లో పోసి మూతుల మీద జిప్సం మెత్తాలి. వేసవి నడిమి ఎండలో 40 రోజులు ఉంచి, ఆపైన పొగ తగిలే అటక మీదికి చేర్చాలి. మూత బిగింపు, వెచ్చదనం, ఆపైన ఓపిక: నిలవబెట్టే విద్య అంతా అప్పటికే అందులో ఉంది.

మన ఆయుర్వేదంలో ఆసవాలు, అరిష్టాలు చేసే తీరు కూడా ఇదే దారిలో నడిచింది. తేనె, బెల్లం, ధాతకీ పువ్వులు వేసి, కుండ మూతికి గుడ్డ చుట్టి మట్టి మెత్తి, ధాన్యపు రాశిలోనో గోతిలోనో నెల పాటు కదపకుండా ఉంచేవారు. ద్రాక్షారిష్టం సీసా అడుగున పేరుకునే మడ్డిని చూసినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇంగ్లండులో మీడ్ నిలవ ఉండేది చెక్క పీపాల్లో. పీపా నిండుగా ఉన్నంతవరకు ఫరవాలేదు. సగం తాగాక మిగతా సగం మీద గాలే. గాజు సీసాలు ఉండేవి గానీ అవి పలచన, పెళుసు. పీపాలోంచి బల్ల మీదికి తేవడానికి తప్ప నిలవకు పనికొచ్చేవి కావు.

మార్పు అనుకోని దిక్కు నుంచి వచ్చింది. ఓడలు కట్టే కలప అంతా గాజు కొలిమిలకే పోతోందని రాజు 1వ జేమ్స్ 1615లో ఆ కొలిమిల్లో కట్టెలు కాల్చడాన్ని నిషేధించాడు. పనివాళ్లు బొగ్గుకు మారక తప్పలేదు. బొగ్గు వేడి ఎక్కువ. డిగ్బీ 1630లలో గాలి బాగా ఆడేలా కొలిమి కట్టించి, ఇసుక పాలు పెంచి కరిగించాడని చెబుతారు. వచ్చిన గాజు మందం, బరువు. బొగ్గు మసివల్ల రంగు దాదాపు నలుపు. ఆ నలుపు ఎవరూ కోరి తెచ్చుకున్నది కాదు గానీ, లోపలి మద్యానికి వెలుతురు తగలకుండా అదే కాపాడింది. మెడ పొడుగ్గా సాగి, మూతి కింద గాజు పట్టీ ఏర్పడింది. బిరడా ఎగిరిపోకుండా దారం కట్టుకోవడానికి ఆ పట్టీ. బిరడా చెక్క పోర్చుగల్, స్పెయిన్ దేశాల్లోని కార్క్ ఓక్ చెట్టు బెరడు నుంచి వచ్చేది.

ఇక పుస్తకంలోకి. రాజమాత హెన్రియెట్టా మరియాకు ఇచ్చిన హైడ్రోమెల్ తయారీని డిగ్బీ వివరంగా రాసిపెట్టాడు. ఊటనీరు 18 క్వార్టులు, తేనె ఒక క్వార్టు. కాస్తూ, నురగ లేచిన కొద్దీ తీసేస్తూ ఉండాలి. అల్లం ముక్కలు, 4 లవంగాలు, చిన్న రోజ్‌మేరీ రెమ్మ వేసి, మొత్తం గంటసేపు మరగాలి. గోరువెచ్చగా చల్లారాక ఒక చెంచా బీరు ఈస్ట్. పొంగు వచ్చాక పీపాలో పోసి, రెండు మూడు రోజులకే సీసాల్లోకి దించాలి. ఆరు వారాలకో రెండు నెలలకో తాగొచ్చు.

ఆ రెండు మూడు రోజుల దగ్గర నేను ఆగిపోయాను. అంత తొందరగా దించితే ఇంకా పులియని తీపి సీసాలో మిగిలే ఉంటుంది. ఈస్ట్ లోపల పని కొనసాగిస్తుంది, పుట్టే వాయువుకు బయటికి దారి ఉండదు. లీటరుకు 24 గ్రాముల చక్కెర అలా పులిసిందంటే లోపలి ఒత్తిడి 6 వాతావరణాల దాకా వెళ్తుంది. కారు టైరులో గాలి ఒత్తిడికి ఇది రెండు రెట్ల పైమాటే. పాత పలచటి సీసా అయితే పగిలి చెక్కలయ్యేది. ఇలాంటి తయారీ కాగితం మీదికి ఎక్కిందంటే, దాన్ని తట్టుకునే గాజు అప్పటికే ఇంట్లో ఉండి ఉండాలి.

ఆ కాలంలో తేనె పాళ్లు చూడటానికి కోడిగుడ్డే కొలమానం. తేనెనీళ్లలో గుడ్డు వేస్తే తేలాలి. నాణెమంత మేర పైకి కనబడితే పాకం సరిపోయినట్టు. ఇప్పుడు ఆ పని హైడ్రోమీటర్ చేస్తోంది, సూత్రం మాత్రం అదే.

ఇంతా జరిగాక ఆ సీసా మీడ్‌కు పెద్దగా అక్కరకు రాలేదు. కరీబియన్ దీవుల పంచదార చవకై తేనె వాడకం తగ్గింది. అంతకుముందే 8వ హెన్రీ మఠాలను మూయించడంతో మైనం కొవ్వొత్తులకు గిరాకీ పడిపోయి, తేనెటీగల పెంపకం దెబ్బతింది. గట్టి సీసాలు సైడర్‌కూ ద్రాక్ష మద్యానికీ వెళ్లాయి. నాకిది ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మీడ్ మళ్లీ ఇళ్లలోకి వచ్చింది 20వ శతాబ్దంలోనే. బ్రిటన్‌లో ఇంటి బీరుకు లైసెన్సు అక్కర్లేదని 1963లో తేల్చాక ఇంట్లో మద్యం చేసుకునే సరదా పెరిగింది. మన దేశంలో పుణెలో మూన్‌షైన్, నాసిక్‌లో సెరానా లాంటి మీడ్ తయారీ సంస్థలు వచ్చాయి. తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారు చేయడం నేరం.

చట్టం ఒప్పుకునే చోట ఇంట్లో చేసేవాళ్ల పద్ధతి ఇది. పొంగు పూర్తిగా అణిగాక, సన్నటి గొట్టంతో మడ్డి కదలకుండా పై తేటను మాత్రమే ఇంకో జాడీలోకి లాగుతారు. జాడీ వెనక అచ్చు కాగితం పెడితే అక్షరాలు చదవగలగాలి, అంత తేటపడేదాకా ఆగుతారు. హైడ్రోమీటర్ అంకె వారాల తేడాలోనూ మారలేదంటేనే సీసా తీస్తారు. బిరడాకూ ద్రవానికీ మధ్య కాస్త ఖాళీ వదిలి బిగించి, మూడు నాలుగు రోజులు నిలబెట్టి, తర్వాత పడుకోబెడతారు. తడి తగులుతుంటే బిరడా ఎండి కుంచించుకుపోదు.

కొత్త మీడ్ గొంతులో మండుతుంది. తేనెలో ఈస్ట్‌కు కావలసిన నైట్రోజన్ తక్కువ. అది ఇబ్బందిపడుతూ పులియబెట్టేటప్పుడు ఘాటైన ఆల్కహాళ్లు ఎక్కువ పుడతాయి. నెలలు గడిచేకొద్దీ ఆమ్లాలూ ఆల్కహాళ్లూ కలిసి సువాసన పదార్థాలు ఏర్పడతాయి, మంట తగ్గి పువ్వుల వాసన బయటికొస్తుంది. పోలండ్ వాళ్లు ఈ ఓపికకు నియమాలే పెట్టుకున్నారు. ఒక పాలు తేనెకు అరపాలు నీళ్లు కలిపే పుల్తోరాక్‌కు 3 ఏళ్లు, సగం సగం కలిపే ద్వూయ్‌నాక్‌కు 2 ఏళ్లు, రెండు పాళ్ల నీళ్లతో చేసే త్రూయ్‌నాక్‌కు ఒక ఏడాది నిలవ తప్పనిసరి. 2008లో యూరోపియన్ యూనియన్ ఈ పేర్లను సంప్రదాయ ఉత్పత్తులుగా నమోదు చేసింది. తేనె ఎంత ఎక్కువైతే నిలవ అంత ఎక్కువ. పలచటి హైడ్రోమెల్ రెండు నెలలకే తాగొచ్చన్న డిగ్బీ లెక్క కూడా దీనితో సరిపోతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు చిక్కటి మీడ్‌ను ఒక పెద్ద జాడీలో వదిలేయకుండా చిన్న సీసాల్లోకి పంచి, మీద తేదీ రాసి, ఏడాదికొకటి తెరిచి రుచి చూస్తారు.