ఇరుసు మారిన బండ్లు

నూజివీడు పేరు వినగానే తెలుగువారికి మామిడిపండ్లు జ్ఞప్తికి వచ్చును. చిన్నరసము, పెద్దరసము, బంగినపల్లి మొదలగువాని రుచిని గూర్చి చెప్పినవారు పెక్కుమంది కలరు. ఆ పండు తోట దాటి మన ఇంటికి వచ్చిన బాటను గూర్చి చెప్పినవారు తక్కువ. ఆ బాట చరిత్రమును తెలిసికొన గోరువారు బండి క్రింద వంగి దాని ఇరుసును చూడవలెను.

మామిడి బరువైన సరకు, సుకుమారమైన సరకు. పక్వమునకు వచ్చిన కాయను చిక్కముతో ముచ్చిక చెదరకుండ కోసి, గడ్డి పరచిన గంపలలో పేర్చెదరు. దారిలో కుదుపునకు తగిలిన దెబ్బ ఆనాడు కంటికి కనబడదు. కాయ మాగిన పిదప అది నల్లని మచ్చయై బయటపడును. అప్పటికి సరకు దూరదేశపు అంగడికి చేరియుండును. నష్టము మాత్రము బేరములో తోట రైతు మీదికే వచ్చును. కావున ఈ ప్రాంతమున ఇరుసు సంగతి జీవనోపాధికి సంబంధించిన సంగతి.

మొదటి బండి కొయ్యచక్రముల బండి. ఆకులు గ్రుచ్చిన చక్రమునకు ఇనుప పట్టా, నడిమి కుండలో ఇనుప ఇరుసు, చివర చక్రము జారకుండ శీల, రాపిడి తగ్గుటకు ఆముదమున గడ్డిమసి కలిపిన కందెన: ఇంతే దాని యంత్రము. 1893కును 1896కును నడుమ బెజవాడ నుండి కటకము వరకు తూర్పుతీరపు రైలుమార్గము ఏర్పడెను. నూజివీడు పేరుగల స్టేషను ఆ మార్గముపై ఉన్నది. పట్టణము మాత్రము దానికి కొన్ని మైళ్ళ దూరమున నున్నది. రైలు వచ్చినను తోటకును రైలుకును నడుమ బండి తప్పలేదు. కమానుకట్టలు లేని ఆ బండిలో ప్రతి గోతి దెబ్బయు గంపలకే తగులుచుండెను.

తరువాత వచ్చినది టైరుబండి. గాలి నింపిన రబ్బరు చక్రములు, వానికి తగిన ఉక్కు ఇరుసు దానికి అమర్చిరి. పాతబడిన మోటారు వాహనముల ఇరుసులను కొని, వానిపై కొయ్యబండి చట్రమును నిలిపినవారును కలరు. కాడి, ఎడ్లు, తోలువాడు యథాప్రకారముగనే యుండిరి. క్రింది ఇరుసు మాత్రము కొత్త కాలమునకు చెందినదాయెను. బరువు హెచ్చినను ఎడ్లకు శ్రమ తగ్గెను. పాత బండికి కొత్త ఇరుసు అను విద్యను మన పల్లెలు మోటారు బండి విషయమున గాక ఎద్దుబండి విషయముననే ముందుగా అభ్యసించినవని చెప్పవచ్చును.

ఇక మోటారు బండి. జనరల్ మోటార్స్ వారు 1928లో బొంబాయిలో కర్మాగారము స్థాపించి, విదేశము నుండి వచ్చిన భాగములను కూర్చి షెవ్రొలే బండ్లను అమ్మిరి. దేశమున భాగములు తయారుచేయు ప్రణాళిక లేని సంస్థలు కొనసాగరాదని 1953లో టారిఫ్ కమిషన్ సిఫారసు చేసెను. 1954లో ఆ కర్మాగారము మూతపడెను. బండ్లు రోడ్ల మీద మిగిలెను, విడిభాగములు అరుదయ్యెను. పినియను పండ్లు అరిగిన బండిని మూలపెట్టుటయో, మరియొక బండి ఇరుసును దానికి తొడుగుటయో తప్ప యజమానికి వేరు దారి లేకపోయెను. నూజివీడునకు సుమారు 45 కిలోమీటర్ల దూరమున నున్న విజయవాడలో 1960 దశకమున జవహర్ ఆటోనగర్ వెలసెను. ఒక బండి భాగమును మరియొక బండికి ఒదిగించు నేర్పునకు అట్టి చోటులే పాఠశాలలు.

ఈ పని పైకి కనబడునంత సులభము కాదు. 1947లో వచ్చిన షెవ్రొలే చిన్న పికప్పును తీసికొందము. అందు ప్రొపెల్లర్ షాఫ్టు ఒక గొట్టములో మూయబడి యుండును. చక్రముల నెట్టుబలము ఆ గొట్టము ద్వారా ముందునకు చేరును. కమానుకట్టలు ముఖ్యముగా బరువును మోయును. 1955లో మారిన నమూనాలో ఆ గొట్టము పోయి, క్రాస్ జాయింట్లు గల బయటి షాఫ్టు వచ్చెను. అప్పటి నుండి నెట్టుబలమును కమానుకట్టలే భరింపవలెను. కావున వెనుకటి ఇరుసు ఒక్కటే మార్చిన చాలదు: గేరుపెట్టె వెనుకభాగము మారవలెను, షాఫ్టు పొడవు సరిపోవలెను, కమానుకట్ట కూర్చుండు పీటల నడిమి దూరము కుదురవలెను, పినియను వాలు సరిగా నిలువవలెను. పాత చక్రమునకు ఆరు బోల్టులుండి కొత్త ఇరుసునకు ఐదే యున్నచో చక్రములును మార్చవలెను. అన్నిటికంటె ముఖ్యము బ్రేకు. ముందు చక్రములకు ఒక కాలపు బ్రేకు, వెనుక చక్రములకు మరియొక కాలపు బ్రేకు ఉండి, వాని బలము పొసగనిచో, వానలో తడిసిన రోడ్డుపై బండి వెనుకభాగము ప్రక్కకు జారును. అప్పుడు పోవునది పండ్ల గంప మాత్రమే కాదు.

దీనివలన లాభమేమని అడుగవచ్చును. ఆ పాత పికప్పులో షాఫ్టు 4.11 మార్లు తిరిగిన గాని చక్రము ఒకమారు తిరుగదు. ఆ లెక్క 3.55 గల ఇరుసును అమర్చినచో, పూర్వము ఇంజను నూరుమార్లు తిరిగిన దూరమునకు ఇప్పుడు 86 మార్లు తిరిగిన చాలును. పెద్దరోడ్డుపై రొద తగ్గును, అరుగుదల తగ్గును. అయితే లాగుబలమును ఆ పాళ్ళలోనే తగ్గును. తోటలోని మెత్తని నేలలో నిండు బరువుతో కదలవలసిన బండికి పాత లెక్కయే మేలు. బండి ఏ దారిన నడచునో తెలియక ఇరుసును ఎన్నుకొనరాదు.

చట్టమును ఇందు జోక్యము కలిగించుకొనినది. రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారుని మూల నిర్దేశములకు భిన్నమగునట్లు బండిని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది. 2021లో వచ్చిన నిబంధనలు ఏబది సంవత్సరములు దాటి, మూలరూపమున నిలిచి, చట్రమునందు గాని శరీరమునందు గాని ఇంజనునందు గాని పెద్ద మార్పులు పొందని స్వంత వాహనములను ప్రాచీన వాహనములుగా గుర్తించినవి. బాడుగకు తిరుగు బండికి ఆ గౌరవము లేదు. కొట్టములో కదలక నిలిచిన బండికి ప్రాచీనత దక్కును. నలుబది వేసవులు మామిడి మోయుటకై భాగములు మార్చుకొనిన బండికి అది దక్కుట కష్టము. భద్రత కొరకు నియమము అవసరమే. అయినను చరిత్రకారుని దృష్టికి రెండవ బండి తక్కువది కాదు. మనవారు కరవులో ఏ విధముగా గడుపుకొనిరో ఆ అతుకులే చెప్పును.

కావున పాత బండి గలవారికి ఒక మనవి. ఇరుసు మార్చవలసి వచ్చినచో మొదట రవాణా కార్యాలయపు అనుమతిని విచారింపుడు. చట్రమును కోసి వెల్డింగు చేయక, బోల్టులతో బిగించు మార్గమున్నచో దానినే అనుసరింపుడు. విప్పిన పాత ఇరుసును తుక్కువానికి తూచి ఇయ్యవలదు. దానికి కందెన పూసి, ఏ సంవత్సరమున ఏ కారణమున విప్పితిరో ఒక చీటీ వ్రాసి కట్టి యుంచుడు. రేపు ఈ మామిడి సీమ చరిత్రము వ్రాయువానికి ఆ చీటీ మిక్కిలి ఉపయోగపడును.