ఆటకు అర్ధరూపాయా, నెలకు చందాయా?



మన తరం చదరంగ ప్రియులకు ఏలూరు అంటే తివాచీల కన్నా ముందు 1955 గుర్తొస్తుంది. ఆంధ్ర చదరంగ సంఘం ఆధ్వర్యాన మొట్టమొదటి జాతీయ పోటీ అక్కడే జరిగింది. డి. వెంకయ్య, రామచంద్ర సప్రే సమానంగా ప్రథమ స్థానం పొందారు. అఖిల భారత సమాఖ్య పుట్టింది 1951లో. అంటే అప్పటికి దాని వయస్సు నాలుగేళ్ళే. గెలిచినవారి పేర్లు చరిత్రకెక్కుతాయి. గది అద్దె, పావులు, గడియారాల ఖర్చు మాత్రం జమాఖర్చుల పుస్తకంలోనే ఉండిపోతుంది. గుమాస్తాగా బ్రతికినవాణ్ణి గనుక ఆ రెండో చరిత్ర కొంచెం చెబుతాను.

1987లో విశ్వనాథన్ ఆనంద్ ప్రపంచ జూనియర్ విజేత అయ్యాక మన మద్దిలపాలెంలోనూ చదరంగం గాలి వీచింది. పదిహేనుమంది ఉద్యోగులం ఒక గది అద్దెకు తీసుకుని ఆదివారాలు లీగు పోటీలు పెట్టుకున్నాం. నెల చందా ఐదు రూపాయలు. కోశాధికారిని నేను. ఆరు నెలలయ్యేసరికి బకాయిదారుల జాబితా వ్రాసి గోడకు అంటించాను. అందులో మొదటి పేరు ఒక అటెండరుది. మా అందరిలోకీ గట్టి ఆటగాడు. కాగితం చూసి, మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

తరువాత చందా తీసేసి ఆటకు అర్ధరూపాయి అన్నాం. బకాయిల బాధ తీరింది, కొత్తవారు వచ్చారు. కాని ఎక్కువ ఆడేవాడి మీదే ఎక్కువ భారం పడింది. వానాకాలంలో ఆటలు తగ్గాయి, అద్దె తగ్గలేదు. రెండేళ్ళకు గది ఖాళీ చేశాం.

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదని తరువాత తెలిసింది. ఇంగ్లండులో చాలాకాలం లీగుల్లో ఆడిన ఒక్కొక్క ఆటకు ఇంతని సమాఖ్య రుసుము తీసుకునేది. చురుకైన క్లబ్బులకే బరువెక్కువని కొందరు, ఏడాదికి రెండాటలు ఆడేవాడికి పూర్తి సభ్యత్వమెందుకని కొందరు వాదించుకున్నారు. చివరకు 2012లో వ్యక్తిగత సభ్యత్వానికి మారారు. అయినా సభ్యులు కానివారు టోర్నమెంట్లలో విడిగా రుసుము కట్టి ఆడే దారి మూసెయ్యలేదు.

నాకు తోచినదీ అదే. అద్దెలాంటి స్థిరమైన ఖర్చుకు స్థిరమైన చందా ఉండాలి. కొత్తవాడికి, చేతిలో డబ్బులేనివాడికి ఆటకింత అనే చిన్న తలుపు తెరిచి ఉంచాలి. బకాయి సంగతి గోడమీద కాదు, చెవిలో చెప్పాలి.

నేను రిటైరయ్యాక ఆ అటెండరు మద్దిలపాలెం బస్సు డిపో దగ్గర కనిపించాడు. "మీకు ముప్ఫై రూపాయలు బాకీ ఉండిపోయానండి బాబూ" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. బాకీ ఉన్నది నేను.

మన సంఘం గదిలో చదరంగం బల్ల వేద్దామని కొందరు మిత్రులు అంటున్నారు. తప్పక వేద్దాం. జమాఖర్చులు నేనే వ్రాస్తాను. జాబితా మాత్రం అంటించను.