సీట్లు రాని పార్టీ, ఆగని ప్రశ్న



మోపిదేవి దగ్గర యానాది కాలనీ పిల్లలం మేము. రొయ్యల చెరువు దగ్గర మోటారు పోతే ముందు మన కాలనీకే వస్తారు. పోయిన ఏడు మా బాబాయిని అలాగే తీసుకెళ్లి రెండు రాత్రులు ఉంచారు. మోటారు తర్వాత ఓనరు షెడ్డులోనే దొరికింది. బాబాయికి ఎవరూ ఏమీ చెప్పలేదు, పొమ్మన్నారంతే.

ఈ అనుమానం ఇవాళ్టిది కాదు. 1871లో తెల్లోళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. తర్వాత యానాదుల్లో కొందరిని, ఎరుకల వాళ్లలో కొందరిని అందులో చేర్చారు. అంటే పుట్టుకతోనే దొంగలన్నమాట! 1952లో ఆ చట్టం పోయింది. ఆ చూపు మాత్రం పోలేదు.

మరి హక్కుల గురించి ముందు ఎవరు మాట్లాడారు అని హాస్టల్లో చదువుతుంటే మన జిల్లా ఊరే తగిలింది. గుడివాడ దగ్గర అంగలూరులో పుట్టిన త్రిపురనేని గోపీచంద్ మనకి నవలా రచయితగానే తెలుసు. ఆయన ఆంధ్రలో రాడికల్ డెమొక్రాటిక్ పార్టీ కార్యదర్శిగా కూడా పనిచేశారు. 1940లో ఎం.ఎన్. రాయ్ పెట్టిన చిన్న పార్టీ అది. స్వతంత్రం రాకముందే, 1944లో, రాయ్ స్వతంత్ర భారతానికి రాజ్యాంగ ముసాయిదా రాసి అందులో హక్కుల ప్రకటన పెట్టారు.

కానీ ఫాసిజం ఓడాలని ఆ పార్టీ బ్రిటిష్ వాళ్ల యుద్ధాన్ని సమర్థించింది, క్విట్ ఇండియాలో కలవలేదు. జనం దూరమయ్యారు. 1946 ఎన్నికల్లో ఘోరంగా ఓడారు. 1948 డిసెంబరులో పార్టీని వాళ్లే రద్దు చేసుకున్నారు.

కథ అక్కడితో అయిపోలేదు. ఆ పార్టీ ప్రధాన కార్యదర్శిగా చేసిన వి.ఎం. తార్కుండే తర్వాత బొంబాయి హైకోర్టు జడ్జి అయ్యారు. ఎమర్జెన్సీ కాలంలో, 1976లో, జయప్రకాశ్ నారాయణ్‌తో కలిసి పౌరహక్కుల సంఘం పెట్టారు. 1977లో ఆంధ్రలో ఎన్‌కౌంటర్ల మీద వేసిన నిజనిర్ధారణ కమిటీకి ఆయనే అధ్యక్షుడు. లాయరు కె.జి. కన్నబిరాన్ కూడా అందులో ఉన్నారు. పోలీసులు చెప్పిన కథని అలాగే నమ్మకుండా సాక్షుల్ని అడిగారు. గిరాయిపల్లి అడవిలో చనిపోయిన విద్యార్థులది ఎదురుకాల్పులు కాదని తేల్చారు.

ఓట్లు రాలేదు గానీ వాళ్లు అడగడం మానలేదు. మన కాలనీలోనూ ఓట్లు తక్కువే, అందుకే మన మాట ఎవరు వింటారులే అని పెద్దోళ్లు అంటారు. వినిపించుకోవడానికి లెక్క కంటే ముందు తెలియడం కావాలి. రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, లాయరుతో మాట్లాడనివ్వాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి.

బాబాయిని తీసుకెళ్లిన రాత్రి ఇది మాకు తెలీదు. ఈసారి సెలవులకి వెళ్లి ఇంటింటికీ చెబుతాం. మీ కాలనీల్లో మీరూ చెప్పండి.