రెండు పేర్ల చేప

సముద్రంలో ఉన్నంతకాలం దాని పేరు ఇలస. వర్షాకాలంలో ఎర్రనీరు తగిలి గోదాట్లోకి ఎదురెక్కితే పులస. చేప అదే, పొలుసు అదే, ముల్లూ అదే. పేరు మారేసరికి ధర మారిపోద్ది. మా నాన్నకీ రెండు పేర్లు ఉండేవి. చర్చి పుస్తకంలో ఒకటి, సర్కారు రిజిష్టర్లో ఒకటి. ఏ పేరుతో పిలిచినా ఆయన కూలి మారలేదు. పులస గురించి రాసినవాళ్లంతా రుచి గురించే రాశారు. మోసినవాళ్ల గురించి రాయలేదు. అందుకని నేను రాస్తున్నాను.

మాది ధవళేశ్వరానికి దిగువన, సముద్రానికి దగ్గరగా, ఏటిగట్టుని ఆనుకున్న మాలపేట. పోటు వస్తే రేవు మెట్ల మీదకి నీళ్లెక్కేవి. పాటుకి మోకాలి లోతు బురద తేలేది. ఆషాఢం దాటి ఎగువ నుంచి ఎర్రనీరు దిగితే పల్లెకారులు నావల మీద వలలు ఎక్కించుకుని పోయేవారు. ఏటికి అడ్డంగా వల వదిలి, నీటితోపాటు నావని జారనిచ్చేవారు. గుడ్లు పెట్టడానికి ఎదురీదుకుంటూ వచ్చే చేప వల కన్నులో తల దూర్చి మొప్పల దగ్గర బిగుసుకుపోయేది. నీళ్లలోంచి తీయగానే ప్రాణం పోతుంది. కొర్రమీనులా గంగాళంలో బతికించి అమ్ముకునే చేప కాదది. అందుకే రేవులో అంత హడావుడి. వల పల్లెకారులది, డబ్బు ఆసామిది, మోత మాది. నాన్న ఆసామి దగ్గర పాలేరు. పులస పడిందని కబురు రాగానే పరుగున పోయి, తాటాకు బుట్టలో పెట్టుకుని ఆసామి ఇంటికీ, ఆయన వియ్యాలవారి ఊరికీ మోసేవాడు. వాసన ఆయన చొక్కాకి అంటుకునేది. చేప మాత్రం ఎప్పుడూ మా గుమ్మం ఎక్కలేదు.

ఈ చేప ఒకప్పుడు ఇంకా చాలా పైకి వెళ్లేది. 1847లో మొదలెట్టి 1852 నాటికి ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట కట్టించాడు. పులసకి అదే పొలిమేర అయిపోయింది. ఇలాంటి ఆనకట్టలు ఏరెక్కే చేపలకి ఎంత చేటు చేస్తున్నాయో ఫ్రాన్సిస్ డే అనే అధికారి 1873లోనే సర్కారుకి రాశాడు. 1982 నాటికి పాత ఆనకట్ట చోట బ్యారేజీ వచ్చింది. గోడ గోడగానే ఉంది.

నేను కాటన్‌ని తిట్టడానికి రాయడం లేదు. 1833 కరువులో జనం పిట్టల్లా రాలిపోయిన దేశం ఇది. ఆ నీళ్లే రాకపోతే మా ముత్తాతలు మిగిలేవాళ్లు కాదేమో. కాని నీళ్లొచ్చిన భూమి ఎవరిదో కూడా చెప్పాలి కదా. ఆనకట్ట మాకు గంజి పోసింది, సెంటు భూమి ఇవ్వలేదు. డెల్టాలో ఊరూరా కాటన్ విగ్రహం ఉంది. రాళ్లు మోసినవాళ్ల పేర్లు ఏ రాతి మీదా లేవు.

మా చేపలు వేరు. ఎండాకాలం కాలవలు కట్టేసినప్పుడు అడుగు బురదలో దొరికే మట్టగిడసలు, జెల్లలు, పరిగెలు. బూడిద రాసి తోమి, చింతకాయ తొక్కేసి పులుసు పెట్టేది అమ్మ. పులస వండటం మాత్రం ఆసామి పెరట్లో చూసి నేర్చుకుంది. చేప బాగుచెయ్యడం ఆవిడ పని. పొలుసు గీకి, ముక్కలు కోసి, గడప బయట పెట్టాలి. ఆ ముక్కలు లోపలికి పోయేవి, అమ్మ పోకూడదు. బయట కూర్చునే అంతా పట్టేసింది. కోశాక ఎక్కువ కడిగితే కొవ్వు పోద్ది. మట్టి దాక వెడల్పుగా ఉండాలి. చిక్కటి చింతపండు పులుసు, ఉల్లిముద్ద, పచ్చిమిర్చి, బెండకాయలు, చివర్లో ఆవకాయ మీద తేలిన నూనె. గరిటె పెట్టకూడదు, దాకనే పట్టి ఊపాలి. పిడకల సెగ మీద పులుసులో నిదానంగా ఉడికితే సన్నముళ్లు మెత్తబడతాయి. ఆ పూట తినకూడదు, తెల్లారాక తినాలి.

“పుస్తెలమ్మైనా పులస తినాలంటారు గదే అమ్మా” అన్నాన్నేనోసారి. “పుస్తెలున్నోళ్ల సామెతరా అది. నా మెళ్లో తాడే గానీ పుస్తె ఎక్కడిది?” అంది.

1986 ఆగస్టులో పెద్ద వరదొచ్చింది. నేను ఆరో తరగతి. గట్లు తెగి ఊళ్లకి ఊళ్లు మునిగాయి. మేం ఏటిగట్టు మీద తాటాకుల కింద ఉన్నాం. నాన్న ఒక పల్లెకారు నావెక్కి నాలుగు రోజులు జనాన్ని ఒడ్డుకి చేర్చాడు. ఆసామి ఇంటి ఆడవాళ్లని కూడా. నీళ్లు తీశాక ఆ పల్లెకారు వచ్చి, “నాతో సమానంగా తెడ్డేసేవు, ఇది నీ వాటా” అని ఓ పులస చేతిలో పెట్టాడు. నాన్న దాన్ని పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాడు. మోయడమే గానీ తీసుకోవడం అలవాటు లేదాయనకి.

అమ్మ ఆ సాయంత్రం వండింది. రాత్రంతా వాసనకి మాకు నిద్ర లేదు. తెల్లారకుండానే ఆసామి గట్టు మీదకొచ్చాడు.

“ఏరా, పులస పడిందంట. నాకు కబురెట్టలేదే?”

నాన్న తల వంచుకున్నాడు. అమ్మే లేచింది. “వండేసేనండి బాబుగోరూ. మా దాకలో.”

ఆయన దాక వంక చూశాడు, మా వంక చూశాడు. మాల దాకలో ఉడికింది ఆయన ముట్టడు. మారు మాట్లాడకుండా వెళ్లిపోయాడు. తరాల తరబడి మమ్మల్ని తరిమిన అంటే ఆ ఒక్క పూట మా కూటికి కాపలా కాసింది. నాన్న తలకాయ ముక్క నా కంచంలో వేశాడు. జన అమ్మకి వేశాడు. తాను పులుసు కలుపుకున్నాడు.

వారం తిరక్కుండా రేవులో చేప దొంగిలించాడని చెప్పి నాన్నని పాలేరుతనం మానిపించారు. ఆ ఏటి జీతం గింజలు రాలేదు. నాన్న రాజమండ్రి పోయి రిక్షా తొక్కాడు. నన్ను హాస్టల్లో వేశారు. అక్కడే రెండో పేరు పని చేసింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం కిరస్తానీ అయితే ఎస్సీ కాదు. ఆదివారం ఒక పేరుతో ప్రార్థన చేసే మనిషి, సోమవారం ఇంకో పేరుతో నా ఫారం మీద వేలిముద్ర వేశాడు. నేను చదువుకున్నది ఆ వేలిముద్ర మీదే.

2022లో కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు పెడతామంటే మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లూ, ఎమ్మెల్యే ఇల్లూ తగలబెట్టారు. పేరు నిలిచింది. టీవీలో ఆ మంటలు చూస్తూ అమ్మ, “చేపకి పేరు మారితే ఎగబడి కొంటారు, జిల్లాకి మారితే ఇంత కోపమేట్రా?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది.

ఇప్పుడు పులస వేలల్లో పలుకుతోంది. నాన్న లేడు. ఎర్రనీరొచ్చిన ఏడు ఒక్క చేపైనా కొని తెస్తాను. అమ్మ గ్యాసు మీదైనా మట్టి దాకే పెడుతుంది. తెల్లారాక తలకాయ ముక్క నా కంచంలో వేసి, తాను పులుసే కలుపుకుంటుంది.