ముప్పైమంది గీత: ఫెడెక్స్ కప్ ప్లేఆఫ్స్ అర్హత నియమాల చరిత్ర (1987–2025)

కీలకపదాలు: గోల్ఫ్, పీజీఏ టూర్, ఫెడెక్స్ కప్, అర్హత నియమాలు, పాయింట్ల పునర్వ్యవస్థీకరణ, క్రీడాచరిత్ర

ఉపోద్ఘాతం

ఆటల చరిత్ర అనగానే విజేతల పేర్లు, వారు గెలిచిన సంవత్సరాలు గుర్తుకు వస్తాయి. ఆ విజేత ఏ నియమం కింద విజేత అయ్యాడన్న సంగతి సాధారణంగా పాదసూచికకు పరిమితమవుతుంది. ఏడాది పొడవునా సాగే పోటీలో చివరి దశకు ఎవరు చేరాలి? చేరినవారు అంతవరకు సంపాదించుకున్నదానిలో ఎంత భాగాన్ని వెంట తెచ్చుకోవచ్చు? అమెరికాలోని వృత్తి గోల్ఫ్ సంస్థ పీజీఏ టూర్ ఈ రెండు ప్రశ్నలకు 2007 నుంచి 2025 వరకు ఇచ్చిన సమాధానాలను కాలక్రమంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

గోల్ఫ్ స్వభావం వల్ల ఈ ప్రశ్నలు మరింత జటిలమయ్యాయి. కబడ్డీలోనూ క్రికెట్‌లోనూ ఎదుట ఒక ప్రత్యర్థి ఉంటాడు. అతన్ని ఓడిస్తే తరువాతి మెట్టు. వారంవారం జరిగే గోల్ఫ్ టోర్నీలో వందమందికి పైగా ఒకే మైదానంలో నాలుగు రోజులు, 72 హోల్స్ ఆడతారు. అందరికన్నా తక్కువ స్ట్రోక్‌లతో ముగించినవాడు విజేత. ఇలాంటి ఆటలో సెమీఫైనల్ అనే మాటకు అర్థం లేదు. జల్లెడ పట్టి సంఖ్యను తగ్గించుకుంటూ పోవడమే మార్గం. ఆ జల్లెడ కన్నులు ఎంత ఉండాలన్న దగ్గరే చరిత్ర మొదలవుతుంది.

పూర్వరంగం

సీజన్ చివర ముప్పైమందితో పోటీ జరపడం ఫెడెక్స్ కప్‌తో పుట్టిన ఆలోచన కాదు. 1987లో టెక్సస్ రాష్ట్రంలోని శాన్ ఆంటోనియోలో, ఆ ఏడాది బహుమతి సొమ్ము జాబితాలో తొలి 30 స్థానాల్లో ఉన్నవారితో ఒక ముగింపు టోర్నీ జరిగింది. టామ్ వాట్సన్ గెలిచిన ఆ పోటీయే తరువాతి కాలంలో టూర్ చాంపియన్‌షిప్‌గా స్థిరపడింది. 2004 నుంచి దానికి అట్లాంటాలోని ఈస్ట్ లేక్ మైదానం శాశ్వత వేదిక అయింది. అప్పటి అర్హత సూత్రం సరళమైనది: ఎంత సంపాదించావన్నదే లెక్క. అయితే పోటీ జరిగే నాటికి శరదృతువు వచ్చేది, ప్రేక్షకుల దృష్టి అమెరికన్ ఫుట్‌బాల్ వైపు మళ్లేది. 2006లో టైగర్ వుడ్స్, ఫిల్ మికెల్సన్ ఇద్దరూ ఆ పోటీకి రాలేదు. అర్హత సంపాదించినవారే రానవసరం లేదనుకున్న పోటీకి ముగింపు గౌరవం ఎక్కడిది?

పరిష్కారానికి నమూనా మోటారు పందేల నుంచి వచ్చింది. నాస్కార్ సంస్థ 2004లో, 26 పందేలు ముగిశాక పాయింట్లను సవరించి, అగ్రశ్రేణి డ్రైవర్ల మధ్య చివరి పది పందేల్లో టైటిల్ తేల్చే పద్ధతిని ప్రవేశపెట్టింది. అంతకుముందు ఏడాది మాట్ కెన్సెత్ ఒకే ఒక్క పందెం గెలిచి, నిలకడ బలంతో చాంపియన్ కావడం ఆ మార్పు చర్చల్లో తరచూ వినిపించిన ఉదాహరణ. టిమ్ ఫిన్‌చెమ్ నాయకత్వంలోని పీజీఏ టూర్ ఈ పద్ధతిని తన ఆటకు మలచుకొని 2007లో ఫెడెక్స్ కప్‌ను ఆరంభించింది.

లెక్క ముందే తేలిపోయిన ఏడాది

తొలి నియమావళి ప్రకారం పాయింట్ల పట్టికలోని 144 మంది మొదటి ప్లేఆఫ్ టోర్నీకి, అందులో 120 మంది రెండోదానికి, 70 మంది మూడోదానికి, 30 మంది టూర్ చాంపియన్‌షిప్‌కు అర్హులు. ప్లేఆఫ్స్ మొదలయ్యే ముందు పాయింట్లను కొత్తగా సర్దేవారు. అగ్రస్థానంలో ఉన్నవాడికి 1,00,000 పాయింట్లు. ఈ అంకె చూపులకు ఘనమైనదే గానీ, దిగువ స్థానాలవారికీ దాదాపు అంతే దక్కడం వల్ల దాని విలువ తక్కువ. మొదటి ఏడాది వుడ్స్ తొలి ప్లేఆఫ్ టోర్నీకి రాకుండానే కప్ గెలిచాడు. నాలుగు మెట్లలో ఒకదాన్ని దాటవేసినా గమ్యం చేరవచ్చని రుజువైంది.

2008లో దీనికి పూర్తిగా భిన్నమైన చిక్కు వచ్చింది. ఫిజీ దేశానికి చెందిన విజయ్ సింగ్ మొదటి రెండు ప్లేఆఫ్ టోర్నీలు గెలిచాడు. ఆ పాయింట్లతో అతను ఎంత దూరం వెళ్లిపోయాడంటే, చివరి పోటీకి హాజరై నాలుగు రోజుల ఆట పూర్తి చేసి స్కోరు కార్డు మీద సంతకం చేస్తే చాలు, కప్ అతనిదే. కామిలో విల్లెగాస్ చివరి రెండు టోర్నీలు గెలిచినా ఫలితం మారలేదు. పెళ్లికి ముందే అక్షింతలు పడిపోయిన చందంగా టూర్ చాంపియన్‌షిప్ జరిగింది.

సంస్థ మరుసటి ఏడాదే నియమాన్ని మార్చింది. అర్హుల సంఖ్యలు 125, 100, 70, 30 అయ్యాయి. మరీ ముఖ్యంగా, పాయింట్ల సర్దుబాటు ప్లేఆఫ్స్ ముందు నుంచి మూడో టోర్నీ తరువాతికి జరిగింది. ఈస్ట్ లేక్‌కు వచ్చిన ముప్పైమందిలో ఎవరికైనా కప్ గెలిచే అవకాశం లెక్క ప్రకారం ఉంటుంది. తొలి ఐదుగురిలో ఒకరు అక్కడ గెలిస్తే ఇతరుల ఫలితాలతో పనిలేకుండా కప్ అతనిదే. 2011లో 25వ స్థానంతో వచ్చిన బిల్ హాస్ అదనపు హోల్స్‌లో గెలిచి రెండు ట్రోఫీలూ ఎత్తాడు. కప్ కూడా తనదేనని అతనికి ఆ క్షణంలో తెలియదు. నియమం ఆటగాడికే అర్థం కానంత క్లిష్టంగా మారిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

విజయ్ సింగ్ ఉదంతం పక్కన 2018ని పెట్టి చూడడం అవసరం. ఆ ఏడాది బ్రైసన్ డిషాంబో కూడా మొదటి రెండు ప్లేఆఫ్ టోర్నీలు గెలిచాడు. అతనికి కప్ రాలేదు. టూర్ చాంపియన్‌షిప్ గెలిచింది వుడ్స్. చివరి హోల్‌లో బర్డీ చేసి నాలుగో స్థానాన్ని పంచుకున్న జస్టిన్ రోజ్‌కు కప్ దక్కింది. ఒకే రకమైన విజయాలు పదేళ్ల తేడాతో ఒకరిని అజేయుణ్ణి చేశాయి, మరొకరిని మూడో స్థానంలో నిలిపాయి. ఆట మారలేదు, లెక్క మారింది. వేలాదిమంది ప్రేక్షకులు వుడ్స్ వెంట పరుగెత్తుతున్న ఆ సాయంత్రం, ఏడాది టైటిల్ మరొకరి చేతికి వెళ్లడం నిర్వాహకులకు ఇబ్బందికరమైన దృశ్యమే. 2009లోనూ (మికెల్సన్, వుడ్స్), 2017లోనూ (జాండర్ షాఫెలే, జస్టిన్ థామస్) ఇలాగే ఇద్దరు విజేతలు నిలబడ్డారు.

మన పాఠకులకు ఈ సమస్య కొత్త కాదు. 2009 ఐపీఎల్‌లో లీగ్ దశలో నాలుగో స్థానంలో నిలిచిన హైదరాబాద్ జట్టు డెక్కన్ చార్జర్స్ కప్ గెలిచింది. అగ్రస్థానంలో ఉన్న ఢిల్లీని సెమీఫైనల్‌లో ఓడించింది. 2011 నుంచి తొలి రెండు స్థానాల జట్లకు రెండో అవకాశమిచ్చే క్వాలిఫయర్ పద్ధతి అక్కడ అమలులోకి వచ్చింది. ఎదురెదురు పోరు ఉన్న ఆటలో అలాంటి రక్షణ సాధ్యం. గోల్ఫ్‌కు వేరే ఉపాయం కావాలి.

స్ట్రోక్‌ల కానుక

ఆ ఉపాయం 2019లో వచ్చింది. టోర్నీలు మూడుకు తగ్గాయి (125, 70, 30). పట్టికలో మొదటివాడు ఈస్ట్ లేక్‌లో బంతిని కొట్టకముందే పార్ కంటే 10 తక్కువతో మొదలుపెడతాడు. రెండోవాడికి 8, మూడోవాడికి 7, నాలుగోవాడికి 6, అయిదోవాడికి 5. ఆపై అయిదుగురేసి చొప్పున 4, 3, 2, 1 స్ట్రోక్‌ల తగ్గింపు. చివరి అయిదుగురికి ఏమీ లేదు. పాయింట్ల భాష పోయి స్కోరు భాష వచ్చింది. ఒకే పట్టిక, ఒకే విజేత. స్పష్టత దృష్ట్యా ఇది మునుపటి పద్ధతులన్నింటికన్నా మేలైనదని నా అభిప్రాయం. న్యాయం దృష్ట్యా మాత్రం కొత్త ప్రశ్నలు లేచాయి. 2020లో ఆ నాలుగు రోజుల్లో అతి తక్కువ స్ట్రోక్‌లు ఆడినవాడు షాఫెలే, కప్ డస్టిన్ జాన్సన్‌ది. 2021లో తక్కువ స్కోరు జాన్ రామ్, కెవిన్ నాలది, కప్ ప్యాట్రిక్ కాంట్లేది. 2022లో రోరీ మెకిల్‌రాయ్ ఆరు స్ట్రోక్‌ల వెనుక నుంచి మొదలుపెట్టి స్కాటీ షెఫ్లర్‌ను దాటడం ఈ పద్ధతికి దక్కిన మంచి ప్రచారం.

2024 పోటీ తెలుగు మూలాలున్న అమెరికన్ ఆటగాడు సాహిత్ తీగల వల్ల మనకు మరికొంత దగ్గరైనది. షెఫ్లర్ 10 తగ్గింపుతో మొదలై 30 తక్కువతో గెలిచాడు. కాలిన్ మొరికావా 4తో మొదలై 26 వద్ద, తీగల 3తో మొదలై 24 వద్ద ముగించారు. తగ్గింపులు తీసివేస్తే మొరికావా 22, తీగల 21, షెఫ్లర్ 20. అంటే క్రమం తలకిందులు. మూడో రోజు బంకర్‌లో బంతిని కొట్టేముందు తన క్లబ్ ఇసుకను తాకిందని తీగల తానే చెప్పుకొని రెండు స్ట్రోక్‌ల జరిమానా స్వీకరించాడు. ఆ రెండూ లేకపోతే నికర లెక్కలో అందరికన్నా ముందు అతనే ఉండేవాడు. అయినా ఆనాటి నియమంలో అది కప్‌ను మార్చేది కాదు. ఈ పద్ధతి వల్ల ఎక్కువ లాభపడిన షెఫ్లరే దాన్ని బహిరంగంగా తప్పుపట్టాడు.

గీతకు అవతల

అర్హత చర్చ ముప్పైమందికే పరిమితమైతే చరిత్ర సగమే అవుతుంది. 2010 ఆగస్టులో అర్జున్ అత్వాల్ విండమ్ చాంపియన్‌షిప్ గెలిచి పీజీఏ టూర్ టోర్నీ నెగ్గిన తొలి భారతీయుడయ్యాడు. అప్పటికి అతని టూర్ సభ్యత్వం పోయింది. సోమవారం జరిగే అర్హత పోటీ ద్వారా ఆ టోర్నీలో చోటు సంపాదించుకున్నాడు. విజయంతో సభ్యత్వం తిరిగి వచ్చింది గానీ, గెలిచే సమయానికి సభ్యుడు కానందున మరుసటి వారం మొదలైన ప్లేఆఫ్స్‌లో చోటు దక్కలేదు. ఆటలో గెలవడం, పట్టికలో ఉండడం వేరువేరు విషయాలు. 2022లో ఇదే సూత్రం న్యాయస్థానానికి ఎక్కింది. లివ్ గోల్ఫ్‌కు వెళ్లి సస్పెండయిన ముగ్గురు ఆటగాళ్లు తాము పాయింట్లతో అర్హత సంపాదించామని, ప్లేఆఫ్స్ ఆడనివ్వాలని కోరారు. ఆగస్టు 9న కాలిఫోర్నియాలోని ఫెడరల్ న్యాయమూర్తి తాత్కాలిక ఉత్తర్వు ఇవ్వడానికి నిరాకరించారు.

2023 నుంచి గీత మరింత పైకి జరిగింది: 70, 50, 30. యాభైలో ఉన్నవారికి మరుసటి ఏడాది భారీ సొమ్ముతో జరిగే సిగ్నేచర్ టోర్నీలన్నింటిలో చోటు ఖాయం. 51వ స్థానంలో ఆగినవాడు పోగొట్టుకునేది ఒక్క వారం ఆట కాదు, మరుసటి ఏడాది జీవనోపాధిలో పెద్ద భాగం. పూర్తి సభ్యత్వం నిలుపుకొనే గీత కూడా 2026 సీజన్ నుంచి 125కు బదులు 100 అయింది. పతాక శీర్షికలు ట్రోఫీ గురించి వస్తాయి. ఆటగాళ్ల రాత్రుల నిద్ర చెడగొట్టేవి మాత్రం ఈ అంకెలే.

2025లో స్ట్రోక్‌ల కానుకను రద్దు చేశారు. ముప్పైమందీ సమానంగా మొదలుపెట్టారు. అప్పటికి ఆ ఏడాది రెండు మేజర్లతో కలిపి ఐదు టోర్నీలు గెలిచిన షెఫ్లర్‌కూ, ముప్పయ్యో స్థానంతో వచ్చినవాడికీ గురువారం ఉదయం తేడా లేదు. పీజీఏ టూర్‌లో అంతవరకు ఒక్క టోర్నీ కూడా గెలవని టామీ ఫ్లీట్‌వుడ్ పార్ కంటే 18 తక్కువతో మూడు స్ట్రోక్‌ల తేడాతో గెలిచి ఫెడెక్స్ కప్ విజేత అయ్యాడు. ఏడాది పొడవునా చూపిన ప్రతిభకు బోనస్ సొమ్మును విడగొట్టి ముందే చెల్లించే ఏర్పాటు చేశారు: సాధారణ సీజన్ ముగిసేసరికి అగ్రస్థానంలో ఉన్న షెఫ్లర్‌కు కోటి డాలర్లు, ఈస్ట్ లేక్‌లో గెలిచిన ఫ్లీట్‌వుడ్‌కు మరో కోటి డాలర్లు. 2007లో ఒక్క కప్పులో కలిపిన రెండు గౌరవాలు ఇప్పుడు రెండు చెక్కులుగా విడిపోయాయి, కప్పు మీద మాత్రం ఒక్క పేరే చెక్కారు.