ఉప్పెన చూచిన కన్నులు

మనుష్యుడు లోకమును చూచు చూపు పుస్తకములవలన మాత్రమే కలుగదు. పదునైదు, ఇరువది యేండ్ల ప్రాయములో దేశమంతయు కన్నీరు కార్చిన దుర్ఘటన యొకటి కంటబడినయెడల, ఆ తరమువారు అటుపిమ్మట దేనినైనను ఆ కన్నులతోనే చూతురు. ఇందుకు నిదర్శనము మన కృష్ణాజిల్లాలోనే కలదు.

విజయవాడ దాటి దిగువకు పోయిన కృష్ణానది, పులిగడ్డయొద్ద రెండు పాయలై సముద్రమును చేరును. ఆ పాయల నడిమి నేలయే దివిసీమ. 1977 నవంబరు 19, శనివారమునాడు, వరి కోతకు వచ్చిన వేళ, తుపాను తీరమును దాటెను. సముద్రము సుమారు 5 మీటర్ల యెత్తున లేచి సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి మొదలగు గ్రామములపై బడెను. ప్రభుత్వపు లెక్క చొప్పుననే సుమారు 10,000 మంది మరణించిరి. తాటిచెట్లను కౌగిలించుకొని కొందరు బ్రదికిరి.

దేశమంతయు కదలెను. నందమూరి తారక రామారావు, అక్కినేని నాగేశ్వరరావు వంటి నటులు జోలె పట్టి వీధులలో తిరిగిరి. సహాయమునకు వెళ్లిన యువకులు, ఏ కులమో ఏ మతమో తెలియని దేహములను ఒక్కచోట చేర్చి దహనము చేసిరి. అట్టి పని చేసిన చేతులకు మరల కులపు గీతలు గీయుట సులభమా?

అట్టి దుఃఖము యువకుని రెండు త్రోవలలో దేనికైనను నడిపింపవచ్చును. "ఎంత కట్టినను నీటిపాలే" యని చేతులు ముడుచుకొనుట యొకటి. "ఇందరేల చనిపోయిరి?" అని యడుగుట రెండవది. హెచ్చరిక లేకపోలేదు. అది గుడిసెలవరకు చేరినది తక్కువ. చేరినను పరుగెత్తి యెక్కుటకు ఎత్తైన చోటు లేదు. ఈ ప్రశ్న నడిగినందువలననే ప్రభుత్వమును సేవాసంస్థలును తీరమువెంట తుపాను రక్షణ భవనములను కట్టించెను. 1990 మే 9న అంతటి బలముగల తుపానే కృష్ణా ముఖద్వారమును తాకెను. ముందుగా లక్షకు పైగా జనులను తరలించిరి. మృతులు వెయ్యికి లోబడిరి. అదియు గొప్ప నష్టమే. అయినను మునుపటి దానిలో పదియవ వంతు. 1977లో ఇరువది యేండ్లవాడు అప్పటికి ముప్పది మూడేండ్ల గృహస్థుడు. లెమ్మని అట్టివానికి రెండుమారులు చెప్పనక్కరలేదు.

అయితే చదువరీ, 1977 నాటిది ఈ సీమకు మొదటి ఉప్పెన కాదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరుపై సముద్రము పొంగి సుమారు 30,000 మందిని మ్రింగెను. ఆ దెబ్బతో ఆంగ్లేయుల సైన్యము సహితము ఆ పట్టణమును విడిచిపోయెను. ఆ రాత్రి చూచిన బాలురు వృద్ధులై గతించిరి. వారితోనే వారి చూపును పోయెను. 113 సంవత్సరముల పిమ్మట వారి మునిమనుమల కాలములో అదే తీరమున అవే పూరిగుడిసెలుండెను. కన్నులు చూచిన దుఃఖము రక్తముతో సంక్రమింపదు. నోటితో చెప్పినగాని పిల్లలకు దక్కదు.

1977లో పదునైదేండ్లవారు నేడు అరువది దాటినవారు. వారును వెళ్లిపోవు దినము దూరము లేదు. ఉప్పెన వేగమును తగ్గించు మడ అడవిని నరికి రొయ్యల చెరువు త్రవ్వవచ్చునా యని తలంచువాడు, ఆ నాటిని చూడనివాడై యుండును.

కావున రాబోవు నవంబరు 19న మీ యింటనో మీ వీధినో ఉన్న పెద్దలయొద్ద పిల్లలను కూర్చుండబెట్టుడి. "ఆ దినమున మీరెక్కడ నుంటిరి? నీరెంతవరకు వచ్చెను?" అని అడుగనిండు. ఆ నీటి మట్టమును గోడపై గీయించుడి. తీరవాసులైనచో, మీ ఊరి రక్షణ భవనపు తాళపుచెవి ఎవరియొద్ద నున్నదో ఆ దినముననే కనుగొని పిల్లలకు చెప్పుడి.