తుమ్మలగూడెపు రాగిరేకులు



మా రామన్నపేట మండలములో తుమ్మలగూడెమను పల్లె కలదు. దాని ప్రాచీన నామము ఇంద్రపాలనగరము. అచ్చటి గుట్టపై పాడుపడిన కోటగోడలను చూచినవారు “రాళ్లే గదా” యని దిగివచ్చెదరు. బాల్యమున నేనును అట్లే దిగివచ్చితిని. ఆ రాళ్లకు నోరిచ్చినవి రెండు తామ్రశాసనములు. వానిని బి.ఎన్. శాస్త్రిగారు 1965లో భారతి మాసపత్రికయందు ప్రకటించిరి.

మొదటిది విష్ణుకుండి రాజగు గోవిందవర్మ తన 37వ రాజ్యసంవత్సరమున వేయించినది. ఆయన రాణి పరమభట్టారికా మహాదేవి బౌద్ధభిక్షువులకై కట్టించిన విహారమునకు అందు గ్రామదానము చెప్పబడినది. కాని 37వ యేడనగా ఏ యేడు? పట్టాభిషేక మెన్నడో తెలియనిదే ఆ లెక్కకు మొదలు లేదు.

రెండవ శాసనము ఆ మొదలు చూపినది. గోవిందవర్మ మునిమనుమని కుమారుడగు విక్రమేంద్ర భట్టారకవర్మ అందు శకవర్షము 488 అని చెక్కించెను. మనము సంకల్పమున చెప్పుకొను శకమే యది. 78 కలిపిన క్రీ.శ. 566 అగును. అచ్చటినుండి తరము తరముగా వెనుకకు లెక్కించుటకు వీలు కలిగినది. అంతవఱకు ఈ రాజుల కాలమును పండితులు తలకొక తీరుగ నిర్ణయించుచుండిరి.

మధ్య అమెరికాలోని మాయా జాతివారును ఇట్లే దినములు లెక్కించి శిలలపై చెక్కిరి. టికాల్ నగరము క్రీ.శ. 562లో ఓడినదని ఆ చెక్కడములవలననే తెలియవచ్చినది. మన శాసనమునకు నాలుగేండ్లు ముందటి ముచ్చట! ఆ శిథిలములను చూచుటకు లోకము నలుమూలలనుండి జనులు పోవుచున్నారు. తుమ్మలగూడెమునకు ప్రక్క యూరివారే పోరు.

నన్ను మిక్కిలి కదల్చిన సంగతి వేఱొకటి. గోవిందవర్మ కుమారుడు మాధవవర్మ పదునొకండు అశ్వమేధములు చేసెనని శాసనములు కీర్తించుచున్నవి. అంతటి యజ్ఞశీలుని వంశమువాడే, నాలుగు తరముల పిమ్మట, అదే బౌద్ధవిహారమునకు మరల గ్రామము నొసగెను. పెద్ద లిచ్చిన మాన్యమును మతభేదముచేత త్రెంపలేదు. వైదికరాజులు బౌద్ధమునకు శత్రువులని గురువులవద్ద విని, ముప్పది యేండ్లు పిల్లలకు అట్లే చెప్పినవాడను. ఈ రేకుల సంగతి ఆలస్యముగా చదివి సిగ్గుపడితిని.

పెద్దలారా, నాగటికి రాగిరేకు తగిలినచో చింతపండుతో తోమకుడు, కంచరికి తూచి యియ్యకుడు. తహసీలుదారునకు గాని పురావస్తు శాఖకు గాని తెలుపుడు. తుమ్మలగూడెపు రేకును ఎవరైన కరగించి చెంబు చేయించి యుండినచో, 488 అను అంకె ఆ చెంబులో కలిసిపోయి యుండెడిది.